చల్లగది తలుపు

నాలుగో వీధి చల్లగది పుస్తకం. రాస్తున్నది సామ్రాజ్యం, గది కాపరి.

వేసవి, 38వ రోజు
పెట్టె ఆగిన సమయం: సాయంత్రం 6.50. తలుపు తీసినవి: 31 సార్లు.

పొద్దున బండి వచ్చి నిండిన బ్యాటరీ పెట్టె దించి, ఖాళీది పట్టుకుపోయింది. వీధికి రోజుకు ఒక్క పెట్టె. దాంతోనే చల్లగది పొద్దు గూకేదాకా నడవాలి. ఆ తర్వాత కిటికీలు తెరిచి వట్టివేళ్ళ తడికలు తడిపితే తెల్లారేదాకా నెట్టుకొస్తాం. ఇంటింటా ఏసీ ఉండేదని మా అమ్మ చెప్పేది. నేను ఒక్కటీ చూడలేదు.

గడ్డిపెట్టెలు తనిఖీ చేశాను. పప్పు ఒక్క పొంగు రాగానే పొయ్యి ఆర్పి, గిన్నెను గడ్డిపెట్టెలో పెట్టి మూత వేస్తే, మిగతాది దానంతట అదే ఉడుకుతుంది. వీధిలో ఇరవై మూడు ఇళ్ళు అలాగే వండుతున్నాయి. ఇరవై నాలుగోది ఏడుకొండలుది. పొయ్యి మీద ఉడికితేనే పప్పు పప్పులా ఉంటుందట. వేసవి అయ్యాక ఈ పుస్తకాన్ని వీధి అందరి ముందూ మొదటి పేజీ నుంచి చదవడం ఆచారం కాబట్టి, ఈ మాట అందరూ వింటారు. రాసింది కొట్టేయకూడదన్నది రెండో ఆచారం. నాకేం బాధ లేదు. ఇరవై రెండేళ్ళు బస్సు కండక్టరు పని చేసినదాన్ని. నా నోట వచ్చిన మాట వెనక్కి తీసుకున్నది ఎవరూ చూడలేదు.

ఇక అసలు సంగతి. మస్తాన్‌బీ కూతురు షమీమ్‌కు నెలలు నిండకుండానే పురుడొచ్చింది. ఆడపిల్ల. కిలో తొమ్మిది వందల గ్రాములు. నర్సు గ్రేస్‌మణి పాపను తెచ్చి చల్లగదిలో మూల మంచం మీద, తల్లి రొమ్ముకు కట్టి పడుకోబెట్టింది.

"టౌను ఆసుపత్రిలో మంచానికి ముగ్గురు వడదెబ్బోళ్ళు ఉన్నారమ్మా. పాప పాలు తాగతంది, ఇక్కడే మేలు," అంది. "గది ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. రెండున్నర కిలోలు వచ్చేదాకా ఇంటికి పంపొద్దు."

"దాటదు," అన్నాను.

"దాటితే?"

"నేనుండగా దాటదని చెప్పాగా."

వేసవి, 40వ రోజు
పెట్టె ఆగిన సమయం: 6.45. తలుపు: 34 సార్లు.

మిరపకాయల మొదటి బండి వచ్చింది. ఈ ఏడు అయిదు వీధులకూ కారం మన వీధే ఆడిస్తుంది. ఆ మాట ఊరి సమావేశంలో లేచి నిలబడి నేనే అన్నాను. కడమ వీధులవాళ్ళు డ్రయ్యరు మిషను కావాలన్నారు. మిరపకాయలు ఎండబెట్టడానికి కరెంటు కావాలనేవాళ్ళకు నెత్తి మీద సూర్యుడు కనపడ్డా అర్థం కాదు. మా వరుసలో పన్నెండు ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకటే డాబా. అందరూ కలిసి ఉగాదికి సున్నం కొట్టినది. తూర్పు నుంచి పదోది చల్లగది. ఎనిమిది క్వింటాళ్ళు పరచడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడుంది?

నా మోకాలు మెట్లు ఎక్కనివ్వదు. కింద నిలబడి చెప్తే ఏడుకొండలు, ఇంకో నలుగురు పైన నల్ల టార్పాలిన్ పట్టలు పరిచి కాయలు పోశారు. తూర్పు చివరి ఇంటి మీద ఇవాళ. రోజూ ఒక బండి వస్తుంది. పైగా కాయల కింద డాబాకు నీడ కూడానని వాళ్ళకు చెప్పాను.

వేసవి, 43వ రోజు
పెట్టె ఆగిన సమయం: 6.10. తలుపు: 33 సార్లు.

పొద్దు గూకడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే ఆగింది. మనుషులు తడికలు తడిపి విసురుతూ కూర్చున్నారు. గది ఇరవై ఏడున్నర దగ్గర నిలిచింది. పాప నిద్రపోతూనే ఉంది. కిలో తొమ్మిది వందల యాభై.

బ్యాటరీ ఇచ్చేచోట కనుక్కున్నాను. పెట్టె నిండుగానే పంపుతున్నారు. అంటే చల్లదనం వీధిలోనే ఎవరో తినేస్తున్నారన్న మాట. రేపటి నుంచి ఇల్లిల్లూ చూస్తాను.

వేసవి, 45వ రోజు
పెట్టె ఆగిన సమయం: 5.35. తలుపు: 29 సార్లు. కారణం: ఏడుకొండలు ఫ్రిజ్ అని అనుమానం.

ఇరవై నాలుగు ఇళ్ళూ తిరిగాను. వృథాగా వెలిగే దీపం ఒక్కటి లేదు. ఒకింట్లో బట్టలు నాలుగు రోజులకోసారి ఉతుకుతున్నారు, ఆ నీళ్ళే పాదులకు పోస్తున్నారు. ఒకింట్లో చిరిగిన చొక్కాతో పాలిచ్చే తల్లికి మెత్త కుట్టారు. నాకు గర్వంగానే ఉంది గాని, గర్వంతో పెట్టె నిండదు.

ఏడుకొండలు ఇంట్లో మాత్రం మంచం వెనక దుప్పటి కప్పిన పెట్టె ఒకటి కనిపించింది. దుప్పటి లాగితే ఫ్రిజ్! మా అమ్మ కాలం నాటిది.

"తీగ తీసుకెళ్ళి గది పెట్టెకు తగిలించావా?" అన్నాను.

"దాంట్లో బియ్యం పోసుకుంటున్నా వదినా. ఎలకలు దూరవు," అని తలుపు తీసి చూపించాడు. బియ్యమే ఉన్నాయి. "అది గాదు గాని, ఒక్క మాట చెప్తా విను. ఆ పైన పరిచిన పట్టలు..."

"పైన సంగతి పైన. ముందు నువ్వు ఆ పప్పు సంగతి చూడు."

అతను ఫ్రిజ్ తలుపు వేశాడు. బియ్యం ఉన్నంత మాత్రాన అనుమానం తీరిపోలేదు. అందుకే పైన కారణం అలాగే రాశాను.

వేసవి, 47వ రోజు
పెట్టె ఆగిన సమయం: 5.05. తలుపు: 36 సార్లు. అందులో మస్తాన్‌బీ: 19. కారణం: మస్తాన్‌బీ.

గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి కూర్చున్నాను. మెడలో నా కండక్టరు ఈల. తలుపు తీస్తే పది లెక్కపెట్టేలోపు వెయ్యాలి. పదకొండు అయితే ఈల వేస్తాను. పాల గ్లాసుతో ఒకసారి, గుడ్డలతో ఒకసారి, పాప తుమ్మిందేమోనని ఒకసారి, తుమ్మలేదేమోనని ఇంకోసారి, ఇలా మస్తాన్‌బీ ఒక్కతే పందొమ్మిది సార్లు తీసింది. గడపలో నిలబడి షమీమ్‌తో కబుర్లు మొదలుపెడితే ఇరవై, ముప్పై దాకా పోతుంది. నాలుగుసార్లు ఈల వేశాను. అయిదోసారి లేచి నిలబడ్డాను.

"మస్తాన్‌బీ, ఈ గది చల్లదనమంతా నువ్వే బయట పోస్తున్నావు. నీ మనవరాలికి నువ్వే ఎసరు పెడుతున్నావు."

వీధిలో పదిమంది ఉన్నారు. ఆమె చేతిలో గ్లాసు కిందపెట్టింది.

"నా బిడ్డ ఊపిరి నేను తీస్తన్నానా అక్కా? పుస్తకంలో అట్టా రాశావా?"

"చూసింది రాస్తాను."

"రాసుకో అక్కా. ఇంక నేనా గడప తొక్కితే అడుగు."

కొంచెం గట్టిగా అన్నానేమో అనిపించింది. అయితే అనాల్సిన మాటే కదా. రేపు పెట్టె సాయంత్రం దాకా ఆగుతుంది, చూడండి.

వేసవి, 48వ రోజు
పెట్టె ఆగిన సమయం: 4.40. తలుపు: 14 సార్లు. మస్తాన్‌బీ: 0.

ఆగలేదు. తలుపు సగానికి సగం తగ్గినా పెట్టె ఇంకా ముందే పడుకుంది. గది ఇరవై ఎనిమిది దాటి పది నిమిషాలు ఉంది. తడికల మీద బిందెలు గుమ్మరించి దింపాం. పాప ఒళ్ళంతా ఎర్రబడింది. పాలు సరిగా తాగలేదు.

మస్తాన్‌బీ గదిలోకి రాలేదు. తలుపు పక్క గోడకు ఆనుకుని బయటే కూర్చుంది. లోపల పాప ఏడిస్తే గోడ మీద అరచెయ్యి పెట్టి వింటోంది. పలకరిద్దామనుకున్నాను. మొదట ఆమే మాట్లాడుతుందిలే అని ఊరుకున్నాను.

మిరపకాయలు తొమ్మిదో ఇంటి దాకా వచ్చాయి. రేపటి బండి చల్లగది డాబా మీదికి. ఆ ఒక్క పనే సవ్యంగా సాగుతోంది.

వేసవి, 49వ రోజు
పెట్టె ఆగిన సమయం: 4.15. తలుపు: లెక్క తప్పింది.

మూడింటికి మస్తాన్‌బీ గోడ పక్కన ఒరిగిపోయింది. తడిమితే ఒళ్ళు కాలుతోంది, చెమట లేదు. నేనూ ఏడుకొండలూ రెక్కలు పట్టుకుని లోపలికి మోసుకెళ్ళాం. తలుపు బార్లా తెరిచి ఉంది. ఈల నా మెడలోనే ఉంది. గ్రేస్‌మణి వచ్చి తడిగుడ్డలు చుట్టి, తెలివి వచ్చాక ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు చెంచాతో పట్టింది.

కళ్ళు తెరవగానే మస్తాన్‌బీ అన్న మొదటి మాట: "తలుపెయ్యండే. పిల్లకు సెగ తగులుద్ది."

నేను బయటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. సిగ్గేసింది. ఇంతకంటే ఏం రాయను.

గ్రేస్‌మణి వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చింది. "రేపు గనక నాలుగింటికి ముందే ఆగితే పాపను టౌనుకు తీసుకుపోతానమ్మా. నలభై కిలోమీటర్లు, ఈ ఎండలో. ఆ దారి తట్టుకుంటదని నేను చెప్పలేను. ఇక్కడ ఉంచితే మాత్రం తట్టుకోదని చెప్పగలను."

షమీమ్ విన్నది. నా వైపు చూసి, "పెద్దమ్మా, నువ్వుండగా దాటదన్నావుగా," అంది. నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగింది.

వేసవి, 50వ రోజు
పొద్దున పదకొండు గంటలు. పెట్టె ఇంకా నడుస్తోంది.

ఇవాళ డాబా ఎక్కాను.

ఎందుకు ఎక్కానో ఉన్నదున్నట్టు రాస్తాను. ఉగాదికి ఏడుకొండలు సున్నం పల్చగా కొట్టి ఉంటాడని, అది పట్టుకుని అందరి ముందూ నిలదీయాలని ఎక్కాను. తప్పు పట్టడానికి వీధిలో ఇంకెవరూ మిగల్లేదు మరి. మోకాలు పట్టుకుని పద్దెనిమిది మెట్లు ఎక్కడానికి పావుగంట పట్టింది. సున్నం మాసిపోతుందని డాబా మీదికి చెప్పులతో వెళ్ళనివ్వం. ఆ నియమం పెట్టింది కూడా నేనే. చెప్పులు కిందే వదిలాను.

పడమటి చివర మెట్ల దగ్గర డాబా ఖాళీగా, తెల్లగా ఉంది. ఎండకు కళ్ళు మూతలు పడుతున్నా కాళ్ళ కింద మాత్రం ఓర్చుకోగలిగినంత వేడే. సున్నం దిట్టంగానే ఉంది, పాపం. రెండిళ్ళు దాటి చల్లగది వైపు నడిచాను. నల్ల పట్ట అంచు మీద ఒక అడుగు పడింది.

అమ్మా అని అరిచి వెనక్కి దూకాను. ఈ మోకాలుతో దూకగలనని నాకే తెలియదు.

కూర్చుని పట్టను పక్కకు లాగాను. కింద డాబా మీద చెయ్యి ఆనించలేకపోయాను. జానెడు పక్కన, పట్ట లేని చోట, చెయ్యి పెట్టి పది లెక్కపెట్టగలిగాను. మళ్ళీ ఇక్కడ పెట్టాను, మళ్ళీ అక్కడ పెట్టాను. ఎర్రటి కాయలు, వాటి కింద నల్లటి పట్టలు, పది ఇళ్ళ మీద ఒకే పరుపుగా పరుచుకుని ఉన్నాయి. సూర్యుణ్ణి తిప్పికొట్టమని మేమంతా కలిసి సున్నం కొడితే, దాని మీద నేను నల్ల పట్టలు పరిపించి ఎండను పట్టుకుని లోపలికి తోయించాను. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు కదా, ఆ సెగ ఇంటి నుంచి ఇంటికి పాకి గదికి చేరింది. కాయలు తూర్పు నుంచి గది వైపు ఒక్కో ఇల్లు దాటినప్పుడల్లా పెట్టె ఇంత ముందుగా ఆగుతూ వచ్చింది. ఈ పుస్తకంలోనే ఉంది ఆ లెక్క. రాసిందీ నేనే, చూడందీ నేనే.

పైనుంచే ఈల వేశాను. ఊపిరి ఉన్నంతసేపు వేశాను.

అదే రోజు, సాయంత్రం
పెట్టె ఆగిన సమయం: 4.25.

వీధి వీధంతా డాబా ఎక్కింది. పట్టలతో సహా కాయలు కిందికి దించాం. పచ్చి ఆరని కాయలు కుప్పగా పడి ఉంటే రెండు రోజుల్లో బూజు పడతాయి. అయిదు వీధుల ఏడాది కారం.

"పోతే పోయినయ్," అన్నాను. నా నోటితో ఆ మాట అంటానని నేనూ అనుకోలేదు.

"పోవడం దేనికి వదినా? హైవే ఉంది గదా," అన్నాడు ఏడుకొండలు.

పాత హైవే ఊరికి రెండు కిలోమీటర్లు. ఎనిమిది వరసల తారు రోడ్డు, పగుళ్ళలో తుమ్మ మొక్కలు. బస్సులు ఆగిపోయాక నేను అటు వెళ్ళనే లేదు. ఇంతకంటే నల్లని నేల, ఇంతకంటే వేడెక్కే చోటు ఈ జిల్లాలో లేదు. దాని కింద ఎవరి పిల్లలూ పడుకుని లేరు.

"ఈ మాట అయిదు రోజుల కిందటే ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్పనిచ్చావా?"

గంపలు తెమ్మని కేక వేశాను. సైకిళ్ళు, తోపుడు బళ్ళు, నెత్తిన గంపలు. కాయలన్నీ తరలేసరికి సూర్యుడు దిగాడు. నేను గది దగ్గరే ఉండి డాబా మీద నీళ్ళు చల్లించాను. గ్రేస్‌మణి నాలుగు గంటలకు బండితో వచ్చి తలుపు ముందు నిలబడింది. నాలుగు దాటింది. నాలుగుంబావు దాటింది. పెట్టె ఆగింది. గది ఇరవై ఎనిమిదికి వచ్చి అక్కడే నిలిచింది.

"రేపు ఒక్క రోజు చూస్తా," అని గ్రేస్‌మణి బండి వెనక్కి పంపింది.

వేసవి, 51వ రోజు
పెట్టె ఆగిన సమయం: 6.20. తలుపు: 27 సార్లు.

తెల్లవారుజామునే ఇంటింటి నుంచి గంజి వచ్చింది. సున్నంలో గంజి కలిపితే పట్టు వస్తుంది, వానకు తప్ప వదలదు. పట్టలు గీరుకుని మాసిన చోటల్లా మళ్ళీ సున్నం కొట్టారు. ముగ్గులు వేసే చేతులు కదా, గోడ చీపురుతో అయినా అంచు తప్పకుండా లాగారు. చల్లగది మీద మూడు పూతలు. నన్ను ఎక్కవద్దన్నారు గాని ఎక్కాను. మస్తాన్‌బీ ఇంకా లేవలేదు. ఆమె వంతు సున్నం కూడా నేనే కొట్టాను.

వేసవి, 53వ రోజు
పెట్టె ఆగిన సమయం: ఆగలేదు. పొద్దు గూకాక నేనే ఆపాను.

పాప రెండు కిలోల నూట పది. మస్తాన్‌బీ కోలుకుని ఇంటికి వెళ్ళింది. గది వైపు రావడం లేదు.

వేసవి, 64వ రోజు
పెట్టె: ఆగలేదు. తలుపు: 30 సార్లు. మస్తాన్‌బీ: 0.

హైవే మీద కాయలు గలగలలాడేలా ఎండాయి. కారం ఆడించి అయిదు వీధులకూ పంచాం. రంగు బాగుందన్నారు. ఆ మెచ్చుకోలు ఏడుకొండలుకు చెందాలని అక్కడే చెప్పాను. అతను ఇప్పటికీ పప్పు పొయ్యి మీదే ఉడికిస్తున్నాడు. అది మాత్రం వదిలిపెట్టను.

పాప రెండున్నర దాటింది. షమీమ్ ఇంటికి వెళ్ళొచ్చు. అయినా వెళ్ళలేదు. "పుస్తకం చదివే రోజు దాకా ఉంటా పెద్దమ్మా," అంది.

వేసవి, 97వ రోజు, ఆఖరిది

సాయంత్రం అయిదింటికి వీధంతా గది ముందు చాపలు వేసుకుని కూర్చుంది. మస్తాన్‌బీ చివరి వరసలో ఉంది. పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టాను.

నలభై అయిదో రోజు దగ్గర ఏడుకొండలు నవ్వాడు, అందరూ నవ్వారు. నలభై ఏడో రోజు దగ్గర ఎవరూ నవ్వలేదు. "కారణం: మస్తాన్‌బీ." ఆ రెండు ముక్కలు ముందు వరసకే వినపడ్డాయి. బస్సు నిండా జనం ఉన్నా, చివరి సీటు దాకా వినిపించే గొంతు నాది. నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. పేజీ తిప్పి దాటేయొచ్చు, ఎవరికీ తెలియదు. దాటలేదు. నలభై తొమ్మిదో రోజూ చదివాను, యాభయ్యో రోజూ చదివాను. చదివి, కలం తీసి, ఇవాళ్టి పేజీలో అందరూ చూస్తుండగా రాశాను, రాస్తూ పైకి చదివాను:

"కారణం: సామ్రాజ్యం. పైన పట్టలు పరిపించింది సామ్రాజ్యం. చెప్పబోతే వినంది సామ్రాజ్యం. మస్తాన్‌బీని ఎండలో కూర్చోబెట్టింది సామ్రాజ్యం."

వెనక వరసలోంచి మస్తాన్‌బీ లేచింది. మనుషుల్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చి పుస్తకంలోకి తొంగి చూసింది.

"నాలుగు సార్లు రాశావేందక్కా?" అంది.

"ఒకసారి రాస్తే సరిపోదనిపించింది."

"చాల్లే. కలం మూసెయ్యి."

నన్ను దాటి వెళ్ళి, యాభై రోజుల తర్వాత తన కాళ్ళతో ఆ గడప తొక్కింది. షమీమ్ చేతుల్లోంచి పాపను తీసుకుంది. ముద్దు పెట్టుకుని, అక్కడే గడపలో నిలబడి, "రా అక్కా. ఎత్తుకో. మూడు కిలోల మూడొందలు. నీ పుస్తకం కంటే బరువుంటది," అంది.

ఎత్తుకున్నాను. ఇన్ని రోజులూ రోజుకోసారి బరువు రాసుకున్నానే గాని చేతిలోకి తీసుకోవడం ఇదే. పాప నా మెడలో ఈల పట్టుకుని లాగింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. చల్లగాలి మా కాళ్ళ మీదుగా వీధిలోకి, చాపల మీద కూర్చున్నవాళ్ళ మీదికి పోతూనే ఉంది. ఎవరూ వెయ్యమనలేదు.

పెట్టె: ఆగలేదు.
తలుపు తీసి ఉన్న సమయం: లెక్కపెట్టలేదు.